తాడు తెగిన ఆదివారం

మేం కొత్తగా కాపురం పెట్టిన రోజుల్లో ప్రతి మగాడికీ ఏదో ఒక పిచ్చి ఉండేది తల్లీ. ఒకరికి పేకాట, ఒకరికి సినిమా, ఇంకొకరికి కోడిపందెం. ఆడవాళ్ళం నీళ్ళ పంపు దగ్గర చేరి మా ఆయనది ఈ పిచ్చి, మా ఆయనది ఆ పిచ్చి అని చెప్పుకునేవాళ్ళం. నా వంతు వచ్చేసరికి అందరూ బిందెలు కింద పెట్టి మరీ వినేవాళ్ళు. ఎందుకంటే మీ తాతది పడవ పిచ్చి. (నవ్వకుండా రాయి. నువ్వు నవ్వితే నేను వరస మరిచిపోతాను.)

మీ తాతది అత్తిమంజేరిపేట. వేరుశెనగ, చెరుకు, ఎద్దులు తప్ప ఇంకో లోకం తెలియని వంశం. నీళ్ళు బావిలో ఉంటాయి, తోడుకోవాలి, అంతవరకే వాళ్ళకీ నీళ్ళకీ సంబంధం. అలాంటి మనిషికి పళవేర్కాడు స్కూల్లో లెక్కలు చెప్పే ఉద్యోగం వచ్చింది. ఆ పెద్ద ఉప్పునీటి సరస్సుని చూశాడు, అంతే, మనిషి మనిషిలో లేడు. మేం అద్దెకున్న ఇంటి ఓనరు ఊరొదిలి పోతూ, పెరట్లో బోర్లా పడున్న పాత తెరచాప పడవని "వాత్తియారే, నీంగళే వెచ్చుకోంగ" అని, ఇంక మీదే అన్నట్టు, ఇచ్చేసి పోయాడు. ముగ్గురు ఎక్కితే నాలుగోవాడు ఈదుకుంటూ రావాల్సిందే, అంత పడవ. చెక్క బాగానే ఉంది. తెరచాప కట్టే నిలువు కొయ్యని నాలుగు పక్కలా లాగి పట్టుకునే తాళ్ళు మాత్రం చేత్తో ముట్టుకుంటే పీచులు పీచులుగా రాలేవి.

మా మామగారు, అంటే మీ తాత నాయన, ఒకసారి మమ్మల్ని చూడ్డానికి వచ్చి ఆ కొయ్యని ఒక్క చేత్తో ఊపాడు. అది వాన ముందు తాటిచెట్టులా ఊగింది.

"ఏందిరా ఇది? మేకని కట్టేసినా నిలవదే, మనిషిని ఎక్కిస్తావా?"

"తాళ్ళు మారుస్తా నాయనా."

"వచ్చే ఆదివారం మేం తిరుత్తణి కొండకి పోతా ఉండాం. ఆ పొద్దుకి తాళ్ళన్నీ గట్టిగా ఉండాయని కబురు రావాల. లేదంటే ఈ కొయ్య నా గొడ్ల కొట్టానికి నిట్టాడు గుంజ అయిపోతాది. చెప్పినా!"

మీ తాత ముఖం చూడలేకపోయాను. పరీక్ష రాసే పిల్లలు ఆయన ముందు పెట్టే ముఖం, ఆయనే పెట్టాడు.

మామగారికి ఇంకో పట్టుదల ఉండేది. మనం రాయలవారి కాలంలో వచ్చి ఈ గడ్డ మీద నిలబడినోళ్ళం, వీధిలో అరవం ఎంతైనా మాట్లాడుకోండి, ఇంటి మనుషులతో మాత్రం తెలుగే మాట్లాడాలి అని. ఆయన ముందు పొరపాటున "తణ్ణి" అన్నా మంచినీళ్ళు ఇచ్చేవాడు కాదు.

ఆ వారమంతా ఇద్దరం తాళ్ళతోనే కాపురం చేశాం. బజారు నుంచి నీలంరంగు నైలాన్ తాళ్ళు తెచ్చాడు. నేను ఒక కొస పట్టుకుంటే ఆయన ఇంకో కొస పట్టుకుని ముడి వేసేవాడు. ఆ ముడి ఎలా వేశాడో మళ్ళీ ఆయనకే తెలిసేది కాదు. ఒకరోజు కొయ్యతో పాటు నా కొంగు కూడా కలిపి కట్టేశాడు. చిరిగిన తెరచాపకి నా పాత లంగా గుడ్డ అతుకు వేశాం. అన్ని తాళ్ళూ మార్చి, వెనకపక్క లావు తాడు ఒక్కటి వదిలేశాడు. "ఇది నాకంటే గట్టిగా ఉంది" అన్నాడు. నేనూ నమ్మాను. కొత్త పెళ్ళికూతుర్ని కదా, ఏం చెప్పినా నమ్మే వయసు.

ఆదివారం వచ్చింది. తిరుత్తణిలో మా ఆడబిడ్డ మొగుడికి ఎరువుల అంగడి, అందులో ఫోను. మామగారు, అత్తమ్మ కొండ దిగి అక్కడ కూర్చుంటారు. మేం ఇక్కడ గట్టు మీద టీ అంగట్లో పొద్దున్నే ట్రంకాల్ చెప్పిపెట్టాం. ఈలోగా పడవని బురద ఒడ్డుకి లాగి తెరచాప ఎత్తాం. అది గాలి తాగి బోరవిరిచి నిలబడింది చూడూ, మీ తాత అటూ ఇటూ తిరిగి ఎవరైనా చూస్తున్నారా అని చూసుకున్నాడు. అప్పుడే వెనక తాడు టప్‌మని తెగింది. కొయ్య ముందుకి వాలింది, తెరచాప ముసుగేసింది, మీ తాత నడుము దాకా బురదలోకి దిగిపోయాడు. ముసుగు కింద నుంచి "నాకేం కాలే, నాకేం కాలే" అని వినబడుతోంది.

సరిగ్గా అదే క్షణాన టీ అంగడాయన, "అమ్మా, లైన్ వందుడుచ్చు!" అని కేకేశాడు, లైను కలిసిందని.

పరుగెత్తాను. ఊపిరి ఆడటం లేదు. అవతల మామగారు. గౌరవంగా తెలుగులో, అడిగిందానికి నిజమే చెప్పాలని, గట్టిగా అరిచాను.

"మామా! తాడు తెగిపొయ్యింది మామా! ఆయన..."

లైను కట్.

రొప్పుతూ నిలబడి రిసీవరు పెట్టేశాను. నా రొప్పు అవతల ఏడుపులా వినబడి ఉంటుందని నాకేం తెలుసు? మళ్ళీ చెప్పిపెడితే రేపటికి వస్తుందన్నారు. సరేలే, కొత్త తాడు కట్టాక ఉత్తరం రాద్దాం అనుకుని వెనక్కి పోయాను. కట్టేశాం. ఈసారి కొయ్య కదల్లేదు. ఆయన ఒంటిమీద బురద కూడా కడుక్కోకుండా పడవెక్కి సరస్సులోకి పోయాడు. నేను ఇంటికొచ్చి చేపల పులుసు పెట్టాను.

పొద్దు వాలేవేళ ఇంటి ముందు అద్దె కారు ఆగింది. అత్తమ్మ, ఆడబిడ్డ జుట్టు విరబోసుకుని దిగారు. మామగారు దిగనేలేదు, సీట్లో తలకాయ వంచుకుని కూర్చున్నాడు. నాకు సంతోషం పట్టలేదు. పళ్ళన్నీ కనబడేలా నవ్వి, "రండత్తా, పులుసు చేసినా!" అన్నాను.

అత్తమ్మ గుండె బాదుకుంది. "అయ్యో, పిల్లకి మతి పొయ్యిందే! యాడుండాడే నా కొడుకు?"

"నీళ్ళల్లో ఉండాడత్తా. చీకటి పడేలోపల వచ్చేస్తాడు."

ఆడబిడ్డ పెట్టిన కేకకి వీధంతా బయటికొచ్చింది. అత్తమ్మ నన్ను కౌగిలించుకుని ఏడుస్తూ ఏడుస్తూ, ఎందుకో నా మెడ తడిమి, ఆగిపోయింది. పసుపుతాడు బయటికి లాగి చూసింది.

"తాడు ఉందే?"

"ఉండకేం? తెగింది ఇది కాదత్తా, పడవది!"

అందరం గట్టుకి పరుగెత్తాం. ఎండ పడి మెరుస్తూ మా అతుకుల తెరచాప వస్తోంది, దాని కింద ఎండిన బురదతో మట్టిబొమ్మలా మీ తాత చెయ్యి ఊపుతున్నాడు. మామగారు పంచె కూడా ఎగ్గట్టకుండా మోకాళ్ళ లోతు నీళ్ళల్లోకి పోయి, కొడుకు భుజం, మోచెయ్యి, అరచెయ్యి వరసగా నొక్కి చూశాడు, సంతలో ఎద్దుని చూసినట్టు. తర్వాత వెనక్కి తిరిగి నామీద లేచాడు.

"తాడు తెగిందంటే ఏందే అర్థం? కయిరు అరుందుడుచ్చు అని అరవంలో చెప్పకూడదా?"

"మీరే కదా మామా తెలుగులో మాట్లాడమనింది!"

ఆయన పడవ వైపు తిరిగాడు. పక్కనున్న తాడుని పట్టి లాగాడు. ఇంకొకటి లాగాడు. కొయ్య కదల్లేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ అన్నాడు, "సరే. ఇకమీద పడవ సంగతి మటుకు అరవంలోనే చెప్పాల."

మీ తాత నా చెవి దగ్గరికి వంగి, "విన్నావా, ఇకమీద అన్నాడు" అన్నాడు. నాకు అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

(గుండు సంగతి రాశావా? రాయి. కొడుకు ప్రాణాలతో ఉంటే గుండు కొట్టిస్తానని అత్తమ్మ తిరువళ్ళూరు దగ్గర కార్లోనే మొక్కేసింది. "నేను చావనే లేదు కదమ్మా!" అని మీ తాత. "అందుకే కదరా కొట్టించుకోమనేది!" అని ఆమె. నెల రోజులు లెక్కల అయ్యవారు టోపీతో పాఠం చెప్పాడు.)

ఆ రోజు నుంచి నేను ఫోనెత్తితే హలో అనను. ముందు "అందరం బాగుండాం" అని అరిచి, తర్వాతే ఎవరు మాట్లాడేది అని అడుగుతాను. లైను ఎప్పుడు తెగుతుందో ఎవరికి తెలుసు? ఇప్పుడు తెగదులే అని మీ అమ్మ చెబుతూనే ఉంటుంది, నోరు వింటేగా. మొన్న లోను కావాలా అని అడగడానికి ఎవరో బ్యాంకు పిల్ల ఫోన్ చేసింది. దానికీ అలాగే అరిచాను. పాపం, నన్ను సొంత అవ్వనే అనుకుందో ఏమో. తర్వాత మెల్లగా అంది, "రొంబ సందోషం పాట్టీ."