దగ్గులు తీసేసే మనిషి

"...చేతులేమైనా అరిగిపోతాయా అంటున్నా! భుజం కింద చెయ్యేసి మీ అన్నని లేపి పట్టుకోండి చాలు, వీపు నేను తోముతా."

"చర్చికి టైమవుతోంది."

"అవుతుంది లెండి. మీ మైకు లేకపోతే దేవుడికి వినపడదు మరి."

అతను వైర్ల చుట్ట భుజాన వేసుకుని, అన్న పడుకున్న గది ముందునుంచి తల తిప్పకుండా వెళ్ళిపోయాడు.

సంఘంలో అతన్ని అందరూ మైకు బ్రదర్ అంటారు. చివరి బెంచీ వెనక చిన్న బల్ల, దాని మీద మీటలు, చెవులకు హెడ్‌ఫోన్లు. ఆరాధన అయ్యాక రికార్డింగు ఇంటికి తెచ్చుకుని శుభ్రం చేస్తాడు. దగ్గులు, పిల్లల ఏడుపులు, బెంచీల కిర్రు, పాస్టరుగారు గుక్క తిప్పుకున్న చప్పుడు, అన్నీ కత్తిరిస్తాడు. మిగిలిన ప్రసంగం విశ్వాసుల ఫోన్లకు వెళుతుంది. మంచం పట్టినవాళ్ళు అది విని కళ్ళు తుడుచుకుంటారు. "బ్రదర్, క్షమాపణ గురించి నేనెప్పుడు చెప్పాను?" అని పాస్టరుగారే అతన్ని అడుగుతారు. అతను తడుముకోకుండా చెబుతాడు.

ఈ పని నేర్చుకున్నది అన్న నడిపిన రేడియో రిపేరు కొట్లో. ఒకరోజు ఎవరిదో టేప్‌రికార్డరు కనబడలేదు. బేరానికి వచ్చినవాళ్ళందరి ముందూ అన్న తమ్ముడి జేబులు తిరగేసి దులిపి, దొంగ అని గెంటేశాడు. టేప్‌రికార్డరు జేబులో పడుతుందా అని ఒక్కరూ అడగలేదు. తరవాత అది కొట్లోనే, అన్న తన చేత్తో పెట్టిన చోటే, అటక మీద దొరికింది. ఆ సంగతి తమ్ముడికి చెప్పింది దాని సొంతదారు. అన్న చెప్పలేదు. తప్పయిందిరా అన్న ఒక్క మాట కోసం తమ్ముడు జుట్టు నెరిసేదాకా చూశాడు.

ఆ అన్నకు పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. తమ్ముడి భార్య ఎవర్నీ అడక్కుండా ఆటోలో తీసుకొచ్చి పక్కగదిలో పడుకోబెట్టింది. అప్పటినుంచి ఆమెకు ఆదివారాలు కుదరడం లేదు. ఏం వదినా, విశ్వాసం చల్లారిందా అని సంఘంలో ఆడవాళ్ళు కబురు పంపారు.

"ముందు అన్నని ఆ మాట అననీ, తరవాత ముట్టుకుంటా" అన్నాడు అతను.

"నోరు పడిపోయిన మనిషితోనా మీ పంతం?" అంది ఆమె.

ఆ ఆదివారం ప్రసంగం, దేవుడి మాట విని ఊరుకునేవాళ్ళ గురించి. విన్నది చెయ్యనివాడు ఎంత విన్నా బుద్ధిమంతుడు కాడన్నారు పాస్టరుగారు. ఆ మాట దగ్గర గొంతు కాస్త పగిలింది. అతను మీట తిప్పి సరిచేశాడు. ఆఖర్న పాస్టరుగారు వచ్చి భుజం తట్టారు. "మీ చేతుల మీదుగా ఎంతమంది మారుతున్నారో బ్రదర్!"

మర్నాడు పొద్దున అతను చిన్న రికార్డరు ఒకటి అన్న దిండు వెనక పెట్టాడు. అన్న నోట్లో ఏదో ఆడుతోంది. చుట్టూ ఉన్న చప్పుడంతా తీసేస్తే ఆ మాట దొరకచ్చు. సాయంత్రం తలుపు వేసుకుని వినడానికి కూర్చున్నాడు. ముందు ఫ్యాను హోరు. తరవాత బకెట్టు ఈడ్చిన చప్పుడు. తరవాత భార్య గొంతు.

"చెయ్యెత్తండి బావగారూ. మిమ్మల్ని క్షమించేశానని సంబరపడకండి. ఆ రోజు మీ తమ్ముడు ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నారు. అన్నం ముట్టలేదు. చచ్చేదాకా మర్చిపోను నేను. నీళ్ళు కాలుతున్నాయా? చన్నీళ్ళు కలపనా?"

అన్న గొంతులోంచి ఏదో వచ్చింది.

"ఏడవకండి. సబ్బు కళ్ళల్లోకి పోతుంది."

అతను వెనక్కి తిప్పాడు. అన్న గొంతు మీద ఆమె మాటలు, నీళ్ళ చప్పుడు పడి ఉన్నాయి. అలవాటైన చెయ్యి వాటిని ఒక్కొక్కటే తీసేసింది. మిగిలినదాన్ని మళ్ళీ మళ్ళీ విన్నాడు. అందులో మాట లేదు. ఏడుపు ఉంది.

ఆమె తడి తువ్వాలుతో లోపలికి వచ్చి రికార్డరు చూసింది.

"ఆయన దగ్గర పెట్టారా ఇది?"

ఆమె హెడ్‌ఫోన్ల వైరు లాగేసింది. స్పీకరులోంచి గదిలోకి అన్న ఏడుపు ఒక్కటే వినిపించింది. అయిపోయేదాకా నిలబడి వింది.

"దొరికిందా మీ మాట?"

"లేదు."

"నా గొంతేది?"

"తీసేశాను."

"నీళ్ళ చప్పుడు?"

"అదీ తీసేశాను."

ఆమె చేతులు తుడుచుకుని, తువ్వాలు అతని భుజం మీద వేసింది.

"వచ్చే ఆదివారం నుంచి చర్చికి నేను వెళ్తా. ఆయన స్నానం మీది. నీళ్ళు మరీ వేడిగా కాచకండి."