తుపాకీలో లోపమేమీ లేదట

ఆ రోజు నాకు నొప్పి తెలియలేదు. ఫోన్ చేతిలోంచి జారిపడింది, అంతే. వంగి తీసుకుందామంటే కుడిచేతి వేళ్లు కదల్లేదు. ఆఫీసు ట్రెయినింగ్ కోసం రెండు వారాలు అమెరికా వెళ్లాను. తిరిగి సింగపూర్‌లోని మా ఇంటికి వచ్చే ముందురోజు, మా అమ్మాయి అడిగిన బూట్ల కోసం మాల్‌లో తిరుగుతున్నాను. టపటపమని చప్పుళ్లు వినబడితే ఎక్కడో పెట్టెలు పడ్డాయనుకున్నాను. పక్కనున్నామె నన్ను చూసి కేక పెట్టాక గానీ నా చొక్కా చేయంతా రక్తమని చూసుకోలేదు. ఎవడో కుర్రాడు తుపాకీతో వచ్చి కాల్చాడని హాస్పిటల్లో చెప్పారు.

ముంజేతి ఎముక విరిగింది, అక్కడే ప్లేట్ వేశారు. వేళ్లకి వెళ్లే నరం, మీడియన్ నర్వ్, తెగింది. సింగపూర్ వచ్చాక నర్వ్ గ్రాఫ్ట్ చేశారు. కాలిలోంచి నరం తీసి చేతిలో కలిపారు. "నర్వ్ చాలా నెమ్మదిగా పెరుగుతుంది మేడమ్. రోజుకి ఒక మిల్లీమీటర్ అనుకోండి. తొందరపెట్టకండి" అన్నారు సర్జన్. తొందరపెట్టకుండా ఎలా ఉంటాను? మా ఆయన అన్నం కలిపి ముద్దలు పెడుతుంటే ఏడుపొచ్చేది. ఆపైన ప్లేట్ దగ్గర ఇన్‌ఫెక్షన్. మళ్లీ అడ్మిషన్, మళ్లీ యాంటీబయాటిక్స్.

ఆ హాస్పిటల్ మంచం మీదుండగానే అమెరికా లాయరుతో వీడియోలో మాట్లాడాను. కాల్చినవాడు జైల్లో ఉన్నాడు, సరే. ఆ తుపాకీ తయారుచేసి, అది చేతిలో ఉంటేనే మగాడన్నట్టు ప్రకటనలిచ్చి అమ్మినవాళ్ల సంగతేమిటని అడిగాను. ఆయన మర్యాదగానే చెప్పాడు. "తుపాకీలో లోపమేమీ లేదు కదండీ. అది చేయాల్సిన పని చేసింది. ఇక్కడ తుపాకీ కంపెనీలకి రక్షణగా చట్టముంది. కేసు నిలబడటం కష్టం."

మా ఆయన కూడా లాయరు పక్షమే. "ఎవడో కత్తితో పొడిస్తే కత్తి చేసినవాణ్ణి పట్టుకుంటామా?"

"కత్తితో వంకాయలు కూడా తరుగుతామండీ. దాంతో ఏం తరుగుతారు?" అన్నాను. ఆయన నీళ్ల సీసా నింపుకురావడానికి వెళ్లిపోయారు.

హ్యాండ్ థెరపీలో అప్పన్న పరిచయమయ్యాడు. శ్రీకాకుళం వైపువాడు. బూన్ లేలో ఉంటూ జురాంగ్‌లో ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ప్రెస్ మెషిన్‌లో కుడిచేయి నలిగిపోయింది. ఇద్దరికీ ఒకే థెరపిస్ట్, ఒకే బల్ల, పిసకడానికి మైనంలాంటి ఒకే ఆకుపచ్చ పుట్టీ ముద్ద. బొటనవేలు చిటికెనవేలిని ఎవరిది ముందు తాకుతుందా అని పందెం వేసుకునేవాళ్లం. నన్ను అక్కా అనేవాడు.

ఒకరోజు ఆ మెషిన్ తయారుచేసిన కంపెనీ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. అప్పన్న చేతిని తన చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూశాడు. మచ్చలు చూశాడు, వంగని వేళ్లు చూశాడు. నా ఒళ్లు మండిపోయింది. నా చేయి పక్కనే ఉంది, చూసే దిక్కు లేదు! ఆ పూట పుట్టీని గట్టిగా నలిపినందుకు థెరపిస్ట్ చీవాట్లు పెట్టింది. ఆ తర్వాత అప్పన్న వేలు కాస్త వంగినా ఓర్వలేకపోయాను. సిగ్గుగా ఉన్నా ఉన్నమాట చెప్తున్నాను.

ఒక శుక్రవారం సాయంత్రం అప్పన్నకి ఆ మెషిన్ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఫొటో తీసి పంపి, ఫోన్ చేశాడు. "ఇంగ్లీషు నాకేటి తెలుసక్కా, కాస్త సదివి పెట్టండి."

చదివాను. విచారణ పూర్తయిందని చెప్పాను, ట్రీట్‌మెంట్‌కి సహకరిస్తారని చెప్పాను. రెండో పేరా దగ్గర ఆగాను. దాటేసి కింద సంతకం దగ్గరికి వెళ్లిపోయాను.

"మరేటీ రాయనేదా?"

"లేదు. అంతే."

ఫోన్ పెట్టాక, పక్కనే కూర్చుని స్క్రీన్ చూస్తున్న మా అమ్మాయి తన సింగపూర్ యాసలో అంది. "అమ్మా, సెకండ్ పారా స్కిప్ చేశావ్ లా! వై? నాట్ ఫెయిర్ లా."

పదమూడేళ్ల పిల్ల ముందు తలెత్తలేకపోయాను. వెంటనే మళ్లీ ఫోన్ చేశాను. "అప్పన్నా, ఒక పేరా వదిలేశాను, విను. 'మీ చేతికి జరిగినదానికి మా డిజైనే కారణం. తప్పు మాది. మమ్మల్ని క్షమించండి. ఆ మోడల్ మెషిన్లన్నిటికీ చేయి లోపలికి పోకుండా ఆపే గార్డు మారుస్తున్నాం.'"

"మళ్లీ సదవండక్కా." మూడుసార్లు చదివించుకున్నాడు. ఆఖరికి అడిగాడు. "ఎందుకు ఒగ్గేసినారు?"

"కుళ్లు అప్పన్నా. ఒట్టి కుళ్లు."

తిడతాడనుకున్నాను. "మీకెవరూ రాయనేదా అక్కా?" అన్నాడు.

నేను ఏడ్చేశాను. ఏడుస్తూనే లేదన్నాను. అతను, "అయితే మీరే రాయండి" అన్నాడు.

గాయమై ఇప్పటికి ఏడాదిన్నర. రాఫెల్స్ ప్లేస్‌లో ఆఫీసుకి వెళ్తున్నాను. అన్నం నేనే కలుపుకుంటున్నాను. చూపుడువేలి కొస ఇంకా మొద్దుగానే ఉంది. అప్పన్న బొటనవేలు నాకంటే ముందే చిటికెనవేలిని తాకింది, ఇప్పటికీ కాస్త కుళ్లుగానే ఉంది. గెలుపోటములు తర్వాత సంగతి, తుపాకీ చేసినవాళ్లు కోర్టులో నిలబడి జవాబు చెప్పే దారైనా ఉండాలని నా అభిప్రాయం. అది మారలేదు.

తోటి పేషెంట్లకి నేను చెప్పేది ఒక్కటే. చేతి గాయమైనవాళ్లు ఇంటి దగ్గర ఎక్సర్‌సైజులు ఒక్కరోజు కూడా మానకండి. థెరపిస్ట్ రోజూ పది లైన్లు రాయమంటే ఏబీసీడీలు రాస్తూ కూర్చోకండి, విసుగొచ్చి మానేస్తారు. ఎవరికి చెప్పాలని మీ కడుపు మండుతోందో వాళ్లకి రాయండి. నేను రోజూ పొద్దున్నే ఆ తుపాకీ కంపెనీకి రాస్తాను. మొదట్లో కోడిగీతలు. రెండు పోస్టు చేశాను, జవాబు లేదు. ఈరోజు రాసింది మాత్రం ఎవరైనా చదవగలరు. "అయ్యా, మీ తుపాకీ బాగానే పనిచేసింది. ఒకసారి వచ్చి నా చేయి చూడండి."