పెద్దమ్మ తేర్చిన పాలు

పోయిన మంగళవారం పొద్దున మా నాచారం పక్కింటి పెద్దమ్మ కన్నుమూసింది. బడికి బయలుదేరిన మా అమ్మాయి పుస్తకాల సంచి కింద పెట్టి, "ఇయ్యాల పోనమ్మా" అంది. ఆ పిల్ల అయిదో తరగతి దాకా వచ్చిందంటే, అందులో పెద్దమ్మ చెయ్యి ఉంది.

అప్పటికి మావారికి ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగమై మేము గుంటూరు వైపు నుంచి వచ్చిన కొత్త. పాపకు నాలుగో నెలలో కిడ్నీల జబ్బు బయటపడింది. రక్తంలో పొటాషియం పెరిగితే గుండెకే ప్రమాదమనీ, డబ్బా పాలలోనూ అది ఉంటుందనీ చెప్పి డాక్టరు ఒక పొడి రాసిచ్చారు. కలిపిన పాలలో దాన్ని కొలిచి వేసి, ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచాలి. పొడి పొటాషియాన్ని పట్టుకుని అడుగుకు దిగుతుంది. పైన తేరిన పాలే పాపకు పట్టాలి.

మాకు ఫ్రిజ్ లేదు. పెద్దమ్మకు ఉంది. ఉప్పల్‌లో ఒక పరిశోధనశాలలో గాజు సామాను కడిగే ఉద్యోగం ఆమెది. నేను చెప్పింది విని, "గింతేనా? మా సార్లు రోజూ జేస్తరు. మస్తు సూసిన" అంది.

గిన్నె వంచేటప్పుడు ఆమె మాట్లాడేది కాదు. సన్నటి ధార. అడుగున తెల్లటి మడ్డి కదలబోతుండగానే ఆపేసేది.

ఒకరోజు పాప ఏడుపుకు తాళలేక నేనే వంచాను. మడ్డి అంతా సీసాలోకి వచ్చింది. "ఈ ఒక్కసారికి పట్టేస్తాను పెద్దమ్మా" అన్నాను. ఆమె సీసా లాక్కుని తూములో పోసేసింది. నాకు ఏడుపొచ్చింది. ఆమె మాత్రం ఫ్రిజ్ లోపలి నుంచి ఇంకో గిన్నె తీసింది.

"నువ్వు ఆగమైతవని ఎర్కనే. రెండోది గూడ పెట్టిన. పాలు తేరినయి గని బిడ్డా, నువ్వే ఇంక తేరుకోలె."

తర్వాత పాపకు ఆపరేషన్ అయింది. అప్పటిదాకా నిలబెట్టినవి ఆ పాలే.

ఆపరేషన్‌కు చాలా ముందు, ఆ పాలు పట్టిన మొదటి నెల, పొటాషియం రక్తపరీక్ష కాగితంతో దవాఖానా నుంచి పాపనెత్తుకుని వస్తూ, నాచారం బస్సు కోసం ఉప్పల్‌లో దిగాను. డ్యూటీ దిగిన పెద్దమ్మ అక్కడే నిలబడి ఉంది.

"దిగిందా?" అంది నా చేతిలో కాగితం చూసి.

"దిగింది పెద్దమ్మా."

ఆమె పాపను అందుకుని, అంత జనంలో బస్టాపు గట్టు మీద కూలబడింది. నాచారం బస్సు వచ్చింది.

"బస్సు, పెద్దమ్మా!"

"పోనియ్యి" అంది, పాప రెండు పాదాలూ అరచేతిలో పట్టుకుని.