2520 పోగుల పడుగు

మంగళగిరిలో మా వీధి చివరింటి రాజ్యానికి యాభై ఎనిమిదేళ్ళు. అందులో ముప్పై ఆరేళ్ళు పోగులు అతకడానికే పోయాయి. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోతుంటే, దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలపాలి. నడుం వంచి కూర్చుంటే పూటంతా లేవడానికి ఉండదు. అయినా చీర చూసి అతికిన మనిషిని తలిచేవాళ్ళెవరు? పక్కనే నూలు కండెలు చుట్టుకునే నాకు ఆ సంగతి మీద ఎప్పుడూ ఒళ్ళుమంటే.

షావుకారు భావనారాయణగారి పడుగులన్నిటికీ 2520 పోగులే. రెండు మొదలు పది దాకా ఏ అంకెతో భాగించినా శేషం రాని సంఖ్య అది. పది దాకా ఎన్ని చారలు అడిగినా సమానంగా పంచొచ్చు. అందుకే మా షెడ్డులో పడుగు సరిచూడాలంటే మొత్తం లెక్కపెట్టరు. పదేసో తొమ్మిదేసో పోగులు పిడికట్టుకుంటూ పోయి, చివరి పిడి నిండిందా లేదా అన్నదే చూస్తారు.

మొన్న రాజ్యం అతకడం ముగించేసరికి పాత పడుగులో ఒక కొస జత లేకుండా మిగిలిపోయింది.

"రెండు కొత్త పోగులు ఒకే కొసకు మెలిపెట్టేశావు. నీకు చూపు ఆనట్లేదు," అన్నాడు షావుకారు.

"లేదండీ, కొత్త పడుగే తక్కువొచ్చింది."

"అయితే లెక్కపెట్టి చూపించు."

కొత్త పడుగును అవతలి వైపు నుంచి పదేసి లెక్కపెట్టింది. తొమ్మిది మిగిలాయి. కళ్ళు తుడుచుకుని తొమ్మిదేసి లెక్కపెట్టింది. ఎనిమిది మిగిలాయి. ఎనిమిదేసి తీస్తే ఏడు.

"సారికో మాట చెబుతున్నావు!" అని నవ్వి, ఆయన పక్క మగ్గం మీది అనూషను పిలిచాడు. ఆ పిల్ల మొన్నటిదాకా ఇంకో షావుకారు దగ్గర పదకొండు చారల చీరలు నేసింది. ఆ అలవాటున పదకొండేసి తీసింది. చివరి పిడి నిండుగా వచ్చింది.

"చూశావా, పడుగు సరిగ్గానే ఉంది. రేపట్నుంచి అతుకుల పని అనూష చూసుకుంటుందిలే."

మగ్గం తొక్కడానికి రాజ్యానికి మోకాళ్ళు సహకరించవు. ఇది పోతే ఇంకో పని లేదు. గోడకు చేరగిలబడి చాలాసేపు గొణుక్కుంది. "పదికి ఒకటి తక్కువ తొమ్మిది. తొమ్మిదికి ఒకటి తక్కువ ఎనిమిది..." ఉన్నట్టుండి నిటారుగా కూర్చుంది.

"అనూషా, 2520ని పదకొండుతో భాగించవే. ఎంత మిగులుతుంది?"

అనూష వేళ్ళ మీద లెక్క వేసుకుంది. "ఒకటి మిగులుతుందత్తా."

"మరి నీకు మిగల్లేదేం?"

షావుకారు ఫోన్ తీసి పదకొండును రెండొందల ఇరవై తొమ్మిదితో గుణించాడు. 2519. పడుగులో ఉన్నవి అన్నే. రాజ్యం మూడుసార్లూ ఒక్క పోగు తక్కువనే చెప్పింది. అర్థం కానిది ఆయనకే.

"నీ కళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి," అన్నాడు, తప్పు ఒప్పుకోవడానికి మనసొప్పక. ఆ మాటతోనే ఇంకో పడుగు తెప్పించి ఆమె ముందు వేయించాడు.

"గెలిచావు పిన్నీ," అన్నాను నేను. నాకు నిజంగానే సంతోషంగా ఉంది.

అప్పటికే ఆమె వంగి కొసలు వెతుక్కుంటోంది.

"చూపు పోయిందని ఆయనన్నప్పుడు ఏడుపొచ్చిందే," అంది తలెత్తకుండా. "కానీ ఇక పడుకోవచ్చు కదా అని ఒక్క క్షణం ప్రాణం హాయిగా కూడా ఉంది. ఎవరితోనూ అనకు."