పెద్దమ్మ బొట్టు పెట్టిన ట్యాంకు

పెద్దమ్మ పోయిందని ఆమె కొడుకు, మా అన్నయ్య ఫోన్ చేసినప్పుడు నేను బడిలో ఆరో తరగతి పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్నాను. వరండాలోకి వచ్చి ఫోన్ తీశాను. పొద్దున టీ తాగి మిరపకాయల ముందు కూర్చుందట, అట్లాగే గోడకి ఆనుకుందట. చివరికి అన్నయ్య, "ఏమన్నా తిని బయలుదేరమ్మా. తినకుండా వస్తే అమ్మ ఊరుకోదు" అన్నాడు. అన్నాక గానీ ఆ మాట ఎట్లా ఉందో ఆయనకి తెలిసినట్టు లేదు. నాకు మాత్రం అది సరైన మాటే అనిపించింది. ఈపూరులో బస్సు ఎక్కే ముందు హోటల్ బయట నిలబడి ఇడ్లీ తిన్నాను.

ఆమె మా అమ్మకి అక్క. మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేను. గురజాల దగ్గర మా ఊళ్లో నాన్న క్వారీలో రాయి కొట్టేవాడు, అమ్మ కూలికి వెళ్లేది. ఇంటర్ అయ్యాక నరసరావుపేట కాలేజీలో సీటు వచ్చింది గానీ హాస్టల్‌లో చోటు రాలేదు. రోజూ బస్సులో తిరిగితే చదువు సాగదని అందరూ అనుకుంటుండగా, ఆ ఊళ్లోనే అద్దెకుంటున్న పెద్దమ్మ వచ్చింది. మా పూరింటి ముందు చెప్పులు కూడా విప్పకుండా, "నా పోర్షన్లో ఇంకో చాప పడుద్ది. పిల్ల నా దగ్గరుంటది" అని చెప్పి, నా బట్టల సంచీ తీసుకుని మళ్లీ బస్సెక్కింది. నేను వెనకాల పరిగెత్తాను.

పెద్దనాన్న లారీ మీద ఉండేవాడు, ఎప్పుడో గానీ ఇంటికి వచ్చేవాడు కాదు. అన్నయ్యకి పెళ్లయి విజయపురి సౌత్‌లో కాపురం. పెద్దమ్మ వయసులో ఉన్నప్పుడు పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పని చేసింది. నరసరావుపేట వచ్చాక ఇంటి దగ్గరే మిరపకాయలకి తొడిమలు తీసేది. ఆ చేతులు ఎప్పుడూ మండుతూ ఉండేవి. నా పుస్తకం పక్కకి జరపాలన్నా కొంగు అడ్డం పెట్టుకుని పట్టుకునేది. నేను మార్కులు తక్కువొచ్చి ఏడ్చిన రోజున కూడా దూరంగానే కూర్చుని, "నా చేతులు కారమే, కళ్లు నువ్వే తుడుచుకో" అంది. ఆమె నన్ను ఓదార్చడం అంటే అదే. తుడుచుకున్నానా లేదా అని చూస్తూ కూర్చునేది.

ఇంకో అలవాటు ఉండేది. ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా పసుపు కలిపి రాసి కుంకుమ బొట్టు పెట్టేది. గ్యాస్ పొయ్యికి, కూలర్‌కి, నా కాలిక్యులేటర్‌కి, చివరికి పరీక్షలకి కొన్న అట్టకి కూడా. "కొత్తది మనల్ని ఎరగదు గదే, పరిచయం చేసుకోవద్దా" అనేది. దసరాకి అన్నీ కడిగి మళ్లీ పెట్టేది, ఒకవేళ మర్చిపోయి ఉంటాయని.

నా డిగ్రీ చివరి ఏడాది ఆ పోర్షన్లో పాయిఖానా ట్యాంకు కారడం మొదలుపెట్టింది. కమోడ్ వెనకాల గోడకి బిగించిన తెల్ల ప్లాస్టిక్ ట్యాంకు. మీట నొక్కితే నీళ్లు దిగి, మళ్లీ నిండి ఆగాలి. అది ఆగేది కాదు. రోజంతా లోపల సన్నగా నీళ్లు పారుతున్న చప్పుడు. కింద దాన్ని కట్టేయడానికి ఉన్న చిన్న టాపు ఎప్పుడో బిగుసుకుపోయింది. పైన డాబా మీద ఓనరమ్మకి, మాకు, పక్క పోర్షన్ వాళ్లకి కలిపి ఒకటే నీళ్ల ట్యాంకు. పొద్దున మోటారు వేసి నింపితే మధ్యాహ్నానికి ఖాళీ. ఓనరమ్మ ఒకసారి తలకి సబ్బు పెట్టుకుని ఉండగా నీళ్లు ఆగిపోయాయట. ఆ తలతోనే మెట్ల మీదకి వచ్చి అరిచింది.

ప్లంబర్‌ని పిలిచాం. మూత తీసి, నీళ్లతో పాటు పైకి లేచే బంతిని కొంచెం కిందకి వంచి, "ఇక ఆగుద్ది" అని వెళ్లిపోయాడు. ఆగలేదు. మళ్లీ ఫోన్ చేస్తే, మొత్తం సెట్టు మార్చాలి, వీలున్నప్పుడు వస్తానన్నాడు. రాలేదు. ఓనరమ్మ దిగి వచ్చి, నీళ్లు మీ ఇంట్లోనే పోతున్నాయి, నెలాఖరుకి ఖాళీ చేసుకోండి అంది. పెద్దమ్మ బతిమాలడం నేను చూసింది అదొక్కసారే. "పిల్ల పరీక్షలైందాకా ఆగమ్మా. తర్వాత నువ్వు చెప్పకముందే పోతాం" అంది. పరీక్షలు దగ్గర్లో లేవు. కాలేజీకి నడిచి వెళ్లేంత దూరంలో మాకు అందే ఇల్లు ఇంకోటి దొరికేదీ కాదు. ఆ ఇల్లు పోతే నేను మా ఊరికి, మా ఊరికి పోతే పెళ్లికి. ఈ సంగతి మా ఇద్దరికీ తెలుసు గనక దాని గురించి మాట్లాడుకోలేదు. ఆమె తొడిమలు తీస్తూ ఆ చప్పుడు వినేది, నేను చదువుతూ వినేదాన్ని.

అంతలో దసరా వచ్చింది. పెద్దమ్మ అన్నిటికీ బొట్లు పెట్టి, చివరికి పసుపు గిన్నె పట్టుకుని పాయిఖానాలోకి వెళ్లింది. "దీనికి మనమెవరో ఇంకా తెలిసినట్టు లేదు" అంది. మెట్ల మీద నుంచి ఓనరమ్మ చూసి, పాయిఖానాకి బొట్టు పెట్టే ఆచారం ఎక్కడిదని ఎగతాళి చేసింది. పెద్దమ్మ లోపలి నుంచే, "పాయిఖానాకి కాదమ్మా, పైనున్న గంగమ్మకి. కింది సంగతి నాకెందుకు" అంది. ఓనరమ్మకి కూడా నవ్వొచ్చింది.

బొట్టు సరిగా కనపడాలని మూత తీసి తిప్పబోతుంటే చెయ్యి జారి పసుపు గిన్నె ట్యాంకులో పడింది. గిన్నె తీసుకుంది గానీ పసుపంతా నీళ్లలో కలిసిపోయింది. పండగ పూట అపశకునం అని గొణుక్కుంటూ బయటికి వచ్చింది. కాసేపటికి నేను వెళ్తే కమోడ్‌లో నీళ్లు పచ్చగా ఉన్నాయి.

"పసుపు కమోడ్‌లో పారబోశావా పెద్దమ్మా?" అన్నాను.

"నాకేమన్నా మతిపోయిందా? పడింది పైన ట్యాంకులో."

"మీట నొక్కావా?"

"పసుపుని కమోడ్‌లోకి ఎట్టా వదులుతా? చెయ్యి రాలా." ఆ మాట అని ఆగింది. నా మొహం చూసింది. "ఎవురూ నొక్కకుండా కిందకెట్టా వచ్చిందే ఇది?"

ఇద్దరం వంగి చూశాం. కమోడ్ లోపలి తెల్లటి గోడ మీద దారప్పోగంత సన్నగా పసుపు గీత జారుతూ ఉంది. ఇన్ని రోజులూ అక్కడే నీళ్లు జారుతున్నాయి, నీళ్లకి రంగు లేదు గనక మాకు కనపడలేదు. అంటే తప్పు పైన బంతిది కాదు. ట్యాంకు అడుగున ఉండే రబ్బరు మూత సరిగా మూసుకోవడం లేదు. అది మూసుకోకపోతే ఎంత నిండినా కారుతూనే ఉంటుంది.

నేను డాబా ఎక్కి వాల్వు కట్టేస్తానని ఓనరమ్మని అడిగాను. విరగ్గొడితే ట్యాంకు మీరే కొనివ్వాలి అంది గానీ వద్దనలేదు. పెద్దమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని, చెయ్యి అడుగుదాకా పెట్టి ఆ రబ్బరు మూత ఊడదీసింది. దాని చుట్టూ తెల్లగా, గరుగ్గా పొర కట్టి ఉంది. మన పల్నాడు బోరు నీళ్లు తెలిసిన వాళ్లకి చెప్పక్కర్లేదు, గిన్నెలకి పట్టే ఆ సున్నమే. పెద్దమ్మ గోటితో గీకి చూసి, "ఇదేందే, మా పిడుగురాళ్ల చుట్టం ఇక్కడికొచ్చి కూర్చుంది" అంది.

ఇత్తడి బిందె తోమినట్టే చింతపండుతో తోమింది. రబ్బరుని చింతపండు పులుసులో నానేసి, అది కూర్చునే గూటిని కొబ్బరి పీచుతో రుద్దింది. మళ్లీ బిగించి, నీళ్లు వదిలి, ఈసారి కావాలనే చిటికెడు పసుపు వేశాం. నేను కమోడ్ ముందు గొంతుక్కూర్చున్నాను. పసుపు గీత మళ్లీ వచ్చింది. ఇంకా సన్నగా, కానీ వచ్చింది.

పెద్దమ్మ గుమ్మంలో కూర్చుండిపోయింది. ఆ రోజు ఆమె మొహంలో అలసట చూశాను. నేను లేచి ట్యాంకులోకి చూస్తూ మీట నొక్కాను, మళ్లీ నొక్కాను. మూత పైకి లేచి కిందకి పడేటప్పుడు, దాన్ని లాగే గొలుసు పొడుగెక్కువై, తోక వెళ్లి మూత కింద ఇరుక్కుంటోంది. చెప్పగానే పెద్దమ్మ లేచి, మిరపకాయల బస్తాలు కుట్టే ప్లాస్టిక్ దారం తెచ్చి, గొలుసుని మడిచి ముడేసింది. మళ్లీ పసుపు. మళ్లీ నేను కింద, ఆమె పైన.

"వచ్చిందా?"

"రాలేదు."

"సరిగ్గా చూడవే."

"రాలేదు పెద్దమ్మా."

ట్యాంకు నిండింది. ఒకసారి గొంతు సవరించుకున్నట్టు శబ్దం చేసి ఆగిపోయింది. వారాల తరబడి ఆ చప్పుడులో బతికిన ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. పక్క పోర్షన్లో కుక్కర్ కూత, వీధిలో సోడా బండి గంట, అన్నీ కొత్తగా వినిపించాయి. పెద్దమ్మ చేతులు కడుక్కుంటూ, "కడుపు నిండినాక నోరు మూసుకోవాలని ఇప్పటికి తెలిసింది దీనికి. ఇక నువ్వు పోయి చదువుకో" అంది.

నెలాఖరు వచ్చింది, పోయింది. ఖాళీ చేయమన్న మాట మళ్లీ వినపడలేదు. ఓనరమ్మ ఒకరోజు దిగి వచ్చి గుమ్మం దగ్గర అటూ ఇటూ చూసి, మా దాంట్లో కూడా చప్పుడు వస్తోంది, ఆ పసుపు ఏదో ఒకసారి వేసి చూడు అంది. ముందు బొట్టు పెట్టాలి, ఆచారం అంది పెద్దమ్మ. ఓనరమ్మ తనే కుంకుమ భరిణె తెచ్చింది. నేను డిగ్రీ, బీఈడీ రెండూ ఆ ఇంట్లోనే పూర్తి చేశాను. ఆ గొలుసుకి ఆ దారం ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు నేను పని చేసే బడిలో ఆడపిల్లల పాయిఖానాకి తాళం వేసి ఉండేది. కారణం అదే. ట్యాంకు కారి, మధ్యాహ్నం వంటకి నీళ్లు మిగలడం లేదు. రిపేరుకి రాసి పంపారు, ఇంకా ఎవరూ రాలేదు. పెద్ద తరగతుల పిల్లలు అన్నం వేళకి ఇంటికి వెళ్లి, కొందరు తిరిగి వచ్చేవాళ్లు కాదు. పెద్దమ్మ పోవడానికి కొద్ది రోజుల ముందు ఫోన్లో ఈ సంగతి చెప్పాను.

"కారేది ట్యాంకు గదా, తాళం పిల్లలకెందుకేశారంట?" అంది. కాసేపాగి, "పసుపేసి చూశావా? వద్దులే, ఆదివారం నేనొస్తా. చింతపండు కొనమాక, నా దగ్గరుంది" అంది.

ఆదివారం రాకముందే వెళ్లిపోయింది.

పెద్ద కర్మ అయిన మర్నాడు మా అమ్మ ఆ ఇల్లు సర్దుతుంటే పెద్దమ్మ వైరు బుట్టలో ఒక మూట దొరికింది. చింతపండు, కాగితంలో కట్టిన పసుపు, కొబ్బరి పీచు. అమ్మ వాసన చూసి, "పులిహోరకి కట్టి పెట్టుకుందా ఏంది? పీచెందుకు మరి?" అంది. నాకు ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. ఎందుకో చెప్పేసరికి అమ్మా నవ్వింది, అన్నయ్యా నవ్వాడు. చుట్టాలు మావైపు వింతగా చూశారు. ఆ ఇంట్లో దుఃఖం కొంచెం తేలికైంది ఆ నిమిషంలోనే.

మూట తీసుకుని బడికి తిరిగి వచ్చాను. హెడ్మాస్టరు గారిని తాళంచెవి అడిగితే, నీకు తెలుసా ఈ పని అన్నారు. మా పెద్దమ్మకి తెలుసు అన్నాను. ఎనిమిదో తరగతి పిల్లలు వెంట వచ్చారు. ట్యాంకు మూత తీస్తే అదే తెల్లటి సున్నం, పైగా రబ్బరు ఒక పక్క చిరిగి ఉంది. చింతపండు చిరుగుని అతికించదు. వినుకొండ వెళ్లి కొత్త రబ్బరు తెచ్చి, మర్నాడు మళ్లీ మొదలుపెట్టాం. గూటిని పిల్లలే తోమారు. గొలుసు పొడుగు చూడమన్నాను, చూశారు. అంతా బిగించాక మూటలో పసుపు కొంచెం తడిపి, రబ్బరు కొత్తది, మనల్ని ఎరగదు అని చెప్పాను. వాళ్లలో మధ్యాహ్నాలు ఇంటికి వెళ్లి తిరిగి రాని పిల్ల ఒకతి ఉంది. తనే ముందుకొచ్చి ట్యాంకు మీద వేలితో చుక్క పెట్టింది.

చిటికెడు పసుపు లోపల వేసి, అందరం వంగి చూస్తూ నిలబడ్డాం. ట్యాంకు నిండింది, గొంతు సవరించుకుంది, ఆగింది. అన్నం బెల్లు మోగింది. ఒక్కరూ కదల్లేదు. కింద తెల్లటి బేసిన్ తెల్లగానే ఉంది. పైన తడి ఆరని పసుపు చుక్క. గుమ్మం అవతల, తెరిచిన తాళం గొళ్లేనికి వేలాడుతోంది.