తెలీదన్న టీచరమ్మ

ఫార్మలిన్ వాసన ముక్కుకు అలవాటైపోయి చాలాకాలమైంది. అయినా ఈ ఉదయం మైక్రోస్కోపుకు కన్ను ఆనించగానే కళ్ళు చెమర్చాయి. మతిమరుపు జబ్బుతో పోయిన ఒక పెద్దావిడ మెదడు ముక్క అది. సముద్రంలో తడిసి ఆరిన పావడా మీద ఉప్పుమరకల్లా, కణాల మధ్య మాంసకృత్తులు పేరుకుని ఉన్నాయి. వాటి చుట్టూ కాపలా కణాలు ఉబ్బి, గుంపుకట్టాయి. నాకు మైపాడులోని మా సుగుణమ్మ టీచరు గారు గుర్తొచ్చారు.

1960ల మొదట్లో మా మిషన్ బడిలో ఆవిడ లెక్కలు చెప్పేవారు. జవాబు తప్పితే కోప్పడేవారు కాదు. తెలిసినట్టు నటిస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. "తెలీకుంటే తెలీదని గట్టిగా చెప్పు వసంతా. దాంట్లో సిగ్గేముంది?" అనేవారు. వలలు అల్లుకుంటూ ఉండిపోవాల్సిన నన్ను, మా నాయనతో పోట్లాడి నెల్లూరు కాలేజీకి పంపింది ఆవిడే.

ఒకసారి సెలవులకు వచ్చేసరికి ఆవిడ చేపల పులుసులో ఉప్పు రెండుసార్లు వేస్తున్నారు. మందిరంలో ఏళ్ళ తరబడి చూడకుండా చెప్పిన బైబిలు కీర్తన సగంలో ఆగిపోయింది. దాచిన పాపమేదో ఆవిడ నోరు కట్టేసిందని మా సంఘంవాళ్ళు అనుకున్నారు. మంచి మనసుతోనే ఆవిడ ఇంట్లో ఉపవాస ప్రార్థన పెట్టారు.

"ఏం దాచినావో ఒప్పుకో సుగుణమ్మా. దేవుడు క్షమిస్తాడు" అన్నాడు సంఘపెద్ద.

"తెలీదయ్యా. ఎతుకుతా ఉండా, దొరకడంలా" అన్నారు టీచరు గారు.

మరుపుతో నలిగిపోతున్న మనిషిని గుర్తు తెచ్చుకోమని వారాల తరబడి అడిగారు. చివరికి ఒక ఆదివారం ఆవిడ లేచి నిలబడి, "పిల్లోళ్ళకి అబద్ధాలు నేర్పినాను. క్షమించండి" అన్నారు. అందరూ తేలికపడి స్తోత్రం చెప్పారు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ నోట నేను విన్న అబద్ధం అదొక్కటే.

ఆ తర్వాత నా పేరు కూడా మరిచిపోయారు. పోయేదాకా ఎవరు కనిపించినా చేతులు జోడించి, "తప్పైపోయింది" అనేవారు. కాదని చెప్పగలిగినవాళ్ళు ఊళ్ళో ఒక్కరూ లేకపోయారు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ కోస్తుంది.

మధ్యాహ్నం ఆ పెద్దావిడ కూతురు రిపోర్టు కోసం వచ్చింది. "ఎందుకొచ్చిందమ్మా ఈ జబ్బు? మేమేమన్నా తప్పు చేసినామా?" అంది. మాంసకృత్తులు పేరుకుని వాపు తెచ్చాయో, వాపే వాటిని పెంచిందో, అసలు అవి ఆమెలోనే ఎందుకు పేరుకున్నాయో నేను చెప్పలేను.

"తెలీదమ్మా" అన్నాను గట్టిగా. "మీ తప్పు మాత్రం కాదు."

మొదటి మాట టీచరు గారు నేర్పింది. రెండోది ఆనాడు ఆవిడకు చెప్పాల్సింది.