పురుగుల పెట్టె, తాలింపు లేని చారు

హోసూరుకు సముద్రం లేదు. రెండువేల దశకం మొదట్లో మా ఇంట్లో మాత్రం కొంత ఉండేది. ముందు గదిలో గాజు తొట్టి, అందులో బకెట్లతో కలిపి పోసిన ఉప్పునీళ్ళు, బెంగళూరు నుంచి బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చిన ఒక సముద్రపు చేప. ఈ సంగతి విన్న ఎదురింటావిడ, మేము చేపకు బతికుండగానే ఉప్పు పట్టిస్తామని వీధంతా చెప్పింది.

ఆ చేప పొడి మేత ముట్టక చచ్చిపోయింది. నా భార్య పెద్దగా ఏమీ అనలేదు. ఇంకోటి కూడా పోతే తొట్టి కడిగి రాగిపిండి పోసుకుంటానంది, అంతే. ఆమె నెమ్మదిగా చెప్పిన మాట జరగకపోవడం నేను ఇంతవరకు చూడలేదు.

రెండో చేప అరచేయంత ఉండేది. పసుపు ఒళ్ళు, కంటి మీదుగా నల్లటి పట్టీ. అది కూడా పొడి మేత వేస్తే మొహం తిప్పుకుని గాజుకేసి చూసేది. చేపలమ్మిన అంగడాయన పెరుగు డబ్బాలో కాస్త తడి మన్ను, ఆ మన్నులో దారప్పోగుల్లాంటి తెల్లటి పురుగులు పెట్టి ఇచ్చాడు. చల్లటి చీకటి చోట పెంచండి, బ్రెడ్డు వేయండి, రోజూ కాసిని తీసి చేపకు పెట్టండి అన్నాడు. నేను చెక్కపెట్టెలో మన్ను పోసి, వంటింట్లో నీళ్ళ కుండ పక్కన పెట్టి, ప్రేమ కొద్దీ బ్రెడ్డు వేశాను. బ్రెడ్డుకు బూజు పట్టింది. బూజుకు చీమలొచ్చాయి. పురుగులు తగ్గుతూ పోయాయి. చేప పక్కలు లోపలికి పోయాయి.

అంతలో మామిడి ధర పడిపోయి మండీల దగ్గర గొడవ జరుగుతోందంటే, మా పత్రికకు వార్త రాయడానికి కృష్ణగిరి పోయి ఆ రాత్రికి అక్కడే ఉండిపోయాను. నా భార్య వాళ్ళమ్మకు ఫోను చేసి, అల్లుడు పెట్టెలో తెల్ల పురుగులు పెంచుతున్నాడని, చేత కాక చంపుతున్నాడని చెప్పింది. ఎందుకు పెంచుతున్నానో ఆమె చెప్పలేదు, వాళ్ళమ్మ అడగనూ లేదు. వాళ్ళ ఊరు కెలమంగలంలో పురుగులు పెంచడానికి రెండో కారణం ఉంటుందని ఎవరికీ తోచదు. మా అత్తగారిది తరాలుగా పట్టుపురుగులు సాకిన ఇల్లు. మర్నాడు పొద్దున బస్సుకే ఆమె మల్బరీ ఆకు సంచితో దిగింది.

కృష్ణగిరి నుంచి వచ్చి గడప దాటబోతుంటే లోపలి నుంచి గొంతు వినబడింది. "మీ ఆయన్ను కాళ్ళు కడుక్కోని రమ్మనుమ్మా. ఈడ పురుగు ఉండాది."

అత్తగారు నాతో నేరుగా మాట్లాడదు. పెళ్ళయినప్పటి నుంచి అంతే. నేను ఎదురుగా ఉన్నా కూతురితో చెప్పినట్టు చెబుతుంది, నేను విని పాటిస్తాను. ఆ రోజు పాటించాల్సినవి చాలా ఉన్నాయి. దోమల చుట్ట వెలిగించకూడదు. ఊదుబత్తి పనికిరాదు. బయటివాళ్ళు గేటు దగ్గరే నిలబడి మాట్లాడి పోవాలి. ఘాటు వాసన పురుగుకు పడదు కాబట్టి తాలింపు బంద్. నా చారులో ఆవగింజ కనబడకుండా పోయింది.

ఆ పురుగులు పట్టుపురుగుల్లా లేవని ఆమెకు తెలియకపోలేదు. అయితే బెంగళూరు నుంచి ఏటా ఏదో ఒక కొత్త జాతి వస్తూనే ఉంటుంది, ఇదీ అలాంటిదే అనుకుంది. ఆకు సన్నగా తరిగి వేస్తే పురుగులు మన్నులోకి దూరిపోయాయి. సిగ్గెక్కువ అంది. మర్నాడు ఆకు తీసేసి రాగి సంగటి ముక్క పెట్టింది. పురుగులు దాని చుట్టూ ముసురుకున్నాయి. తిన్నంత తిన్నాక మిగిలినది ఏరి పారేసి, అప్పుడే కొత్తది పెట్టేది. వాళ్ళింట్లో పట్టుపురుగుల తట్టలు శుభ్రం చేసే పద్ధతే అది. చీమలు పోయాయి, బూజు పోయింది, పెట్టె పురుగులతో నిండుతూ వచ్చింది.

నాకు నిజం చెప్పే ఉద్దేశం లేకపోలేదు. చేప పక్కలు పూడనీ అనుకున్నాను. ఆమె స్నానానికి పోగానే చెంచాతో పురుగులు తీసి తొట్టిలో వేసేవాణ్ణి. చేప పరుగున వచ్చి అందుకునేది. స్నానం నుంచి వచ్చి అత్తగారు పెట్టెలోకి చూసి, బల్లి తింటా ఉండాదేమో అని అనుమానించేది. పెట్టె మూత మీద రాయి పెట్టింది. రోజూ ఆ రాయి ఎత్తి దించడం నా పనిలో చేరింది.

ఇవి ఎప్పుడు గూడు కడతాయని ఒకనాడు కూతుర్ని అడిగింది. గూళ్ళు కట్టుకోవడానికి పురుగుల్ని వదిలే పెద్ద వెదురు తట్ట, చంద్రిక, ఊర్నించి తెప్పిస్తానని, ముందు గదిలో చోటు చూడమని చెప్పింది. ముందు గదిలో చోటంటే తొట్టి ఉన్న చోటే. నా భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుని పెరట్లోకి పోయింది.

మర్నాడు అత్తగారు స్నానానికి పోయి, సోపు మర్చిపోయి వెనక్కి వచ్చింది. నేను తొట్టి ముందు చెంచాతో నిలబడి ఉన్నాను. చెంచాలోంచి చివరి పురుగు నీళ్ళలోకి జారింది. చేప దాన్ని అందుకుని మింగింది.

అత్తగారి చూపు చెంచా మీంచి తొట్టి మీదికి పోయింది. పెట్టె తీసి పెరట్లో కుమ్మరిస్తుందని, తొట్టిలోకి రాగిపిండి వస్తుందని నేను సిద్ధపడ్డాను.

"ఏమప్పా," అంది. పెళ్ళయ్యాక నాతో అన్న మొదటి మాట అది. "దీనికా నేను ఇన్ని దినాలు తాలింపు లేకుండా తిన్నది?"

వంటింటి గుమ్మంలోంచి నా భార్య అందుకుంది. "మనం మాత్రం ఏం చేస్తామమ్మా. సాకి సాకి గూళ్ళు కట్టినాక కాగే నీళ్ళలో వేసేదే కదా."

"మాకు పట్టు వస్తాదే. దీనికేమి వస్తాది?"

చేప గాజు దగ్గరికొచ్చి ఆమెకు ఎదురుగా ఆగింది, మేత తెచ్చే మనిషి కోసం చూసినట్టు. పక్కలు నిండి, పసుపు రంగు తేలి ఉంది. అత్తగారు వంగి దాన్ని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా పరీక్షగా చూసింది. ఆ నల్ల పట్టీ ఉండేది కంటి మీదనా అని అడిగింది. అవునన్నాను. కుర్చీ లాక్కుని తొట్టి ముందు కూర్చుంది.

"ఇంకొంచెం వేయప్పా," అంది. "చూస్తాము."

ఆ మధ్యాహ్నం చారులో ఆవాలు చిటపటలాడాయి. కాళ్ళు కడుక్కోకుండా పెట్టె దగ్గరికి మాత్రం మమ్మల్ని ఆ తర్వాత కూడా పోనివ్వలేదు.